కప్పు వెన్న అంటే ఎంత? అమెరికాలో కొత్తగా వంట మొదలుపెట్టినవారికి

మొన్న శనివారం, మాతో ఉండడానికి కొత్తగా వచ్చిన అబ్బాయి బిస్కెట్లు చేస్తానని వంటింట్లో దూరాడు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన, రాయిలాంటి వెన్నను ముక్కలు చేసి కొలత కప్పులో కుక్కుతున్నాడు. చెంచా వంగిపోతోంది. ముక్కల మధ్య వేలు పట్టేంత సందులు. "కప్పు నిండింది అన్నా" అన్నాడు. నిండింది గాలి నాయనా, వెన్న కాదు.

ఇక్కడ వెన్నకు కప్పుతో పనే లేదు. పౌండు పెట్టెలో మామూలుగా నాలుగు కడ్డీలుంటాయి, వాటినే స్టిక్ అంటారు. ఒక స్టిక్ అంటే అరకప్పు, 8 టేబుల్‌స్పూన్లు, 113 గ్రాములు. కప్పు అంటే రెండు స్టిక్‌లు, 227 గ్రాములు. టేబుల్‌స్పూన్‌కు 14 గ్రాములు వేసుకోండి. చుట్టిన కాగితం మీద టేబుల్‌స్పూన్‌కొక గీత ఉంటుంది, విప్పకుండానే ఆ గీత మీద కత్తి దించవచ్చు. ఒక్కోసారి కాగితం పక్కకు జరిగి గీతలు తప్పుతాయి. అప్పుడు కడ్డీని సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి కోస్తే సరి. పశ్చిమ తీరంలో స్టిక్ పొట్టిగా లావుగా, తూర్పున పొడుగ్గా సన్నగా కనిపిస్తుంది. తూకం ఒకటే. డబ్బాలో వచ్చే విప్డ్ బటర్‌ను మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు, దానిలో గాలి కొట్టి ఉంటుంది.

అసలు బాధ ఔన్సుతో. ఇక్కడ ఔన్సులు రెండు. ఒకటి బరువు, 28 గ్రాముల పైచిలుకు. రెండోది ఫ్లూయిడ్ ఔన్స్, దాదాపు 30 మిల్లీలీటర్లు. నేను వచ్చిన మొదటి చలికాలంలో గాజు జగ్గు మీద ఔన్సుల గీతలు చూసి మురిసిపోయాను. 8 ఔన్సుల వెన్న కావాలంటే, మెత్తబడ్డ వెన్నను 8వ గీత దాకా సందు లేకుండా నొక్కాను. సరిపోయింది. సరిపోవడమే నా కొంప ముంచింది. జగ్గు మీదవి ఫ్లూయిడ్ ఔన్సులు, అవి 8 అయితే ఒక కప్పు, అంటే 237 మిల్లీలీటర్లు. వెన్న నీటికంటే కొంచెమే తేలిక, కాబట్టి కప్పు వెన్న 227 గ్రాములు తూగుతుంది. అది బరువు లెక్కలోనూ 8 ఔన్సులే!

ఆ మంచితనం వెన్నది, జగ్గుది కాదు. తర్వాతి వారం కేకుకు 8 ఔన్సుల వెన్న, 8 ఔన్సుల మైదా అని ఉంటే రెండూ అదే జగ్గుతో కొలిచాను. 8వ గీత దాకా పోసిన మైదా సుమారు 125 గ్రాములే తూగుతుంది. కావలసింది 227. కేకు లేవలేదు. వెన్న అంచు దాటి ఓవెన్ అడుగున పడి పొగలు కక్కింది, అలారం మోగింది, రాత్రి పదకొండింటికి పక్కింటివారు తలుపు కొట్టారు. అద్దె కాగితాల మీద నా సంతకం ఇంకా తడి ఆరలేదు.

అందుకే చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుడుతోంది. వెన్న, మైదా, చక్కెర పక్కన ఔన్స్ కనిపిస్తే అది బరువు, జగ్గు ముట్టుకోవద్దు. పాలకు, నీళ్లకు జగ్గు తీయండి. గ్రాములు, ఔన్సులు రెండూ చూపే చిన్న తూకం ఒకటి కొనుక్కోండి. అందరూ తలలూపుతారు, ఎవరూ కొనరు. ఫోనుకు మాత్రం మూడు కవర్లుంటాయి. ఇంకొకటి, ఆస్ట్రేలియా వంటకం చూసి చేస్తుంటే అక్కడి టేబుల్‌స్పూన్ 20 మిల్లీలీటర్లు, ఇక్కడ 15. గ్రాముల్లో రాసి ఉంటే ఆ గొడవే లేదు.

సరే, మరీ భయపెట్టానేమో. రొట్టె మీద రాసుకోవడానికో, బాణలిలో ఏదో వేయించడానికో ఈ లెక్కలేవీ అక్కర్లేదు. బిస్కెట్లకైనా అయిదారు గ్రాములు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. మూడో వంతు కప్పు అంటే 5 టేబుల్‌స్పూన్లూ మరికాస్త, ఆ కాస్త కంటి చూపుతో వేసినా చెడేదేమీ లేదు.

ఆ అబ్బాయి చేత కప్పు ఖాళీ చేయించి, రెండు స్టిక్‌లు విప్పించాను. మొదటి వాయి మాడింది. అది వెన్న తప్పు కాదు, ఫోనులో మాట్లాడుతూ కూర్చున్నాడు. రెండో వాయిలో నాలుగు నేనే తిన్నాను.