ఇంటి పటం చదవడం – 4వ పాఠం: ఆ 40 శాతం ఎవరిది?

పోయిన పాఠంలో మీ ఇంటి మనుషులతో మూడు తరాల పటం గీయమన్నాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పక్కన స్వభావం, వచ్చిన జబ్బులు. గీయడం అందరూ బాగానే గీశారు, చదవడం దగ్గరే తేడా కొట్టింది. దేవరకొండ నుంచి ఒకరు ఇలా రాశారు: "స్వభావంలో 40 శాతం వారసత్వం అన్నారు కదా. అంటే నా కోపంలో 40 శాతం మా నాయనది, మిగతాది నాది. అంతేనా?" అచ్చంపేట నుంచి ఇంకొకరు ఆ మిగతా 60 శాతాన్ని అత్తగారింటి ఖాతాలో వేశారు. ఇవాళ కష్టాన్ని తట్టుకునే తీరు గురించి మొదలుపెట్టాల్సింది. ఈ లెక్క తేలకుండా అటు పోయి లాభం లేదు.

ఆ శాతం మీ గురించి కాదు, మీ నాయన గురించీ కాదు. వెయ్యి మందిని తీసుకుంటే కొందరు ఇట్టే భగ్గుమంటారు, కొందరిని ఎంతన్నా నవ్వి ఊరుకుంటారు. మనుషుల మధ్య ఉన్న ఈ తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందో చెప్పే అంకె అది. ఒక మనిషి కోపాన్ని కోసి వాటాలు వేయడానికి పనికిరాదు.

ఎత్తు సంగతి చూడండి. ఒక గురుకులంలో పిల్లలందరికీ చిన్నప్పటి నుంచీ సరిపడా తిండి దొరికిందనుకోండి. అప్పుడు ఎత్తులో కనిపించే తేడా ఎక్కువగా జన్యువులదే, వారసత్వ శాతం పెద్దగా వస్తుంది. అదే పిల్లల్లో సగం మంది అర్ధాకలితో పెరిగి ఉంటే తేడాల్లో తిండి వాటా పెరుగుతుంది, జన్యువుల శాతం తగ్గుతుంది. ఒక్కరి జన్యువూ మారలేదు, అంకె మాత్రం మారింది.

ఇంకా నమ్మకం కుదరకపోతే స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు తీసుకోండి. వారసత్వం సుమారు 80 శాతం అంటారు. అయినా అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఆ జబ్బు వస్తే రెండోవారికి వచ్చేది సుమారు సగం సందర్భాల్లోనే. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం దాదాపు 10 శాతం. సంబంధాలు చూసేటప్పుడు "వాళ్లింట్లో ఉందంట" అని గుసగుసలాడేవాళ్లు మిగతా 90 శాతం సంగతి ఎత్తరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

రెండో పొరపాటు: ఇంట్లో నలుగురికి ఉంది కాబట్టి రక్తంలోనే ఉందనుకోవడం. నల్గొండవాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? మర్రిగూడ వైపు తాతకు, నాయనకు, కొడుకుకు ఎముకలు వంగిన ఇళ్లున్నాయి. పటం గీస్తే అచ్చం వంశపారంపర్యంలాగే కనిపిస్తుంది. కారణం నీళ్లలోని ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన చోట ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి అంతకు మించిన నీళ్లే తాగారు. మనసు విషయంలోనూ ఇలాగే చూడాలి. ముంబై వలస పోయిన పాలమూరు ఇంట్లో తాతా, నాయనా ఇద్దరూ తండ్రి దగ్గర లేకుండానే పెరిగితే, ఇద్దరి ముభావానికీ జన్యువునే పట్టుకోకండి.

తట్టుకునే తీరు గురించి ఇవాళ్టికి ఒక్క ముక్క. 1991లో అమెరికాలో కవలల మీద జరిగిన ఒక అధ్యయనంలో, కష్టమొస్తే నలుగురి దగ్గరికి పోవడం, సమస్యను పట్టుకుని తేల్చుకోవడం అనే రెండింటిలో కవలల మధ్య పోలిక జన్యువుల వల్ల వచ్చినట్టు తేలింది. ఏమీ జరగనట్టు ఉండిపోవడం మాత్రం పెరిగిన ఇంటి నుంచి వచ్చినట్టు కనిపించింది.

టెన్షన్ జన్యువు ఉందో లేదో చెప్తామనే టెస్టుల గురించి అడిగారు. డబ్బు దండగ. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన ఒక జన్యువును బట్టి కష్టమొస్తే ఎవరు డిప్రెషన్‌లో పడతారో చెప్పొచ్చని 2003లో పెద్ద ఆశలే పుట్టాయి, 2019లో లక్షల మంది సమాచారంతో చూస్తే డిప్రెషన్ విషయంలో అవి నిలబడలేదు. ఒక్కో జన్యువు ప్రభావం చాలా చిన్నది, అలాంటివి వేలల్లో ఉంటాయి.

అభ్యాసం. పటం మళ్లీ గీయండి, పెన్సిల్‌తోనే. ప్రతి మనిషి కింద మూడు సంగతులు రాయండి: ఏ వయసులో ఏ కష్టం వచ్చింది, అప్పుడేం చేశారు, పక్కన ఎవరున్నారు. నేనైతే ముందు మేనత్తనే అడుగుతాను, మగవాళ్లు సగం దాస్తారు. "మెంటల్ ఉండెనా" అని అడగొద్దు. "పొలానికి పోవడం మానేసి పండుకున్నదెవరు, ఎన్ని రోజులు" అని అడగండి, తారీఖులతో సహా చెప్తుంది. ఖాళీ పటం ఒకటి మీ తోబుట్టువుకిచ్చి, మీది చూపించకుండా నింపమనండి. ఉరో, పురుగుమందో కథల్లోకి వస్తే అక్కడితో ఆపండి, ఇంకోరోజు అడగొచ్చు. మీకే మనసు బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

రెండు పటాల్లో తేడా వచ్చిన గడులను చెరపకుండా ఉంచండి. 5వ పాఠం వాటితోనే మొదలుపెడతాను.