వెడల్పు టైర్లు వేశాక ఫెండర్‌కు రాసుకుంటోందా? గుర్తు చూసి కారణం పట్టుకోండి

వెడల్పు చక్రాలు వేసిన మర్నాటి నుంచే ఎక్కడో టైరు ఒరుసుకుంటున్న చప్పుడు మొదలైతే, వెంటనే ఫెండర్ (చక్రం పైన ఉండే బాడీ రేకు) అంచు మీద సుత్తి పడుతుంది. చాలాసార్లు తగిలేది ఆ అంచుకు కానే కాదు. బంపర్ చివరి స్క్రూకో, లోపలి ప్లాస్టిక్ లైనర్‌కో, షాక్ అబ్జార్బర్ మీది స్ప్రింగు పళ్లేనికో తగులుతుంటుంది. రేకును ఒకసారి వంచినా కోసినా మళ్లీ పాత రూపానికి రాదు. కాబట్టి ముందు గుర్తు వెతకండి.

టైరు బయటి భుజం మీద సన్నగా, నున్నగా మెరిసే చార ఉంటే అది ఫెండర్ అంచు పని. ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) మీద నల్లటి ప్లాస్టిక్ పొడి అంటుకుని ఉంటే లైనర్. లోపలి పక్కగోడ మీద చుట్టూ ఒకే గీత ఉంటే స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన కాలు), స్ప్రింగు పళ్లెం, యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ)లలో ఒకటి. కత్తితో గీసినట్టు సన్నగా, లోతుగా గాడి పడితే మాత్రం స్క్రూ తలో లోహపు క్లిప్పో అనుకోండి. ఆ బండిని అలాగే నడపొద్దు. పక్కగోడలోని దారాలు తెగితే టైరు పనికిరాదు.

గుర్తు దొరకకపోతే అంచు లోపలి వైపు మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద సుద్ద రుద్ది, గతుకుల మీద ఒక చుట్టు తిప్పి రండి. సుద్ద చెరిగిన చోటే తగిలిన చోటు. లోపల ఎంత ఖాళీ మిగిలిందో తెలియాలంటే పిల్లలు బొమ్మలు చేసే మెత్తటి మైనపు మట్టిని ఉసిరికాయంత ఉండ చేసి అనుమానం ఉన్న చోట అతికించండి. చక్రాన్ని పైకి ఎక్కించి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి దించాక, నలిగిన ఉండ మందం కొలవండి. అక్కడ మిగిలిన ఖాళీ సరిగ్గా అంతే.

లెక్క చేసుకోకుండా రేకు ముట్టుకోవద్దు

ఉదాహరణకు పాత చక్రం 7 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ (చక్రం బండికి ఆనే ముఖం రిమ్ నడిమి గీతకు ఎన్ని మి.మీ. దూరంలో ఉందో చెప్పే అంకె) 45. కొత్తది 8.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35. వెడల్పు 38 మి.మీ. పెరిగింది. అందులో సగం, అంటే 19 మి.మీ., ఒక్కో పక్కకు వస్తుంది. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 10 మి.మీ. బయటికి జరిగింది. కలిపితే రిమ్ బయటి అంచు 29 మి.మీ. బయటికి, లోపలి అంచు 9 మి.మీ. లోపలికి వచ్చాయి. చక్రం కాస్త వెడల్పే కదా అనుకున్నవాళ్లు ఈ 29 చూసి ఉలిక్కిపడతారు. ఇది రిమ్ లెక్క మాత్రమే. టైరు బొజ్జ రిమ్ కన్నా బయటికి పొడుచుకొస్తే అదీ కలపాలి. ఒకే టైరును అర అంగుళం వెడల్పాటి రిమ్‌కు ఎక్కిస్తే టైరు వెడల్పు కూడా సుమారు 5 మి.మీ. పెరుగుతుంది.

ఎత్తు కూడా చూడాలి. 205/55 ఆర్16 టైరు వ్యాసం దాదాపు 632 మి.మీ., 225/45 ఆర్17ది 634. ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు. అదే 235/45 ఆర్17 వేస్తే 643, అంటే టైరు అన్ని వైపులా 5 మి.మీ.కు పైగా ఎక్కువ ఆక్రమిస్తుంది. తిప్పినప్పుడు లైనర్‌కు తగలడానికి చాలా కార్లలో అది చాలు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే ముందు నుంచి రాపిడి

ఇది దాదాపు ఎప్పుడూ లైనరే. తిరిగిన టైరు ముందు మూల బంపర్ వైపు, వెనక మూల డోరు వైపు వెళుతుంది. ముందుగా లైనర్‌ను బంపర్‌కు పట్టి ఉంచే స్క్రూలు చూడండి. మొన టైరు వైపు ఉంటే పొట్టి స్క్రూ వేయండి, లేదా ప్లాస్టిక్ క్లిప్పుతో మార్చండి. తర్వాత లైనర్‌ను హీట్ గన్‌తో మెత్తబడేదాకా వేడి చేసి, చెక్క ముక్కతో వెనక్కు నొక్కి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. మధ్యలో వదిలేస్తే తిరిగి పాత చోటికే వస్తుంది. లైనర్‌ను పూర్తిగా పీకేయడం తేలిక, కానీ ఆ వెనకే వైర్ల కనెక్టర్లు, హెడ్‌లైటు వెనక భాగం ఉంటాయి. బురద అంతా వాటి మీదికే వెళుతుంది.

వెనక మూలలో రెండు రేకులు కలిసే నిలువు మడతకు తగులుతుంటే, దాన్ని సుత్తితో వెనక్కు పడుకోబెట్టి, అతుకును మూసే సీమ్ సీలరూ పెయింటూ వేయాలి. లోపలి వైపు ఛాసిస్ రైలుకు తగులుతుంటే ఫెండర్‌కు ఏం చేసినా లాభం లేదు. స్పేసర్‌తో (చక్రం వెనక వేసే లోహపు బిళ్లతో) చక్రాన్ని కాస్త బయటికి జరపాలి, లేదా స్టీరింగ్ ర్యాక్‌కు లిమిటర్ వాషర్లు వేసి తిరిగే కోణం తగ్గించాలి. అప్పుడు బండి మలుపు తిరగడానికి కాస్త ఎక్కువ చోటు అడుగుతుంది.

గుంతలో పడ్డప్పుడు, వెనక మనుషులు కూర్చున్నప్పుడు ‘గర్ర్’మంటోంది

చక్రం పైకి ఎక్కినప్పుడు టైరు భుజం ఫెండర్ అంచు లోపలి మడతకు తగులుతోంది. బండి తయారైనప్పుడు ఆ అంచును 90 డిగ్రీలకు లోపలికి మడుస్తారు. మడత సుమారు 10 నుంచి 15 మి.మీ. ఉంటుంది. దాన్ని పైకి పడుకోబెడితే చాలావరకు ఆ మేరకు జాగా దొరుకుతుంది. దీన్నే ఫెండర్ రోలింగ్ అంటారు.

అంతకంటే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. స్ప్రింగులు కుంగిపోయాయేమో, బంప్ స్టాపులు (చక్రం మరీ పైకి ఎక్కకుండా ఆపే రబ్బరు దిమ్మలు) నలిగి ముక్కలయ్యాయేమో చూడండి. అలా ఉంటే రేకు వంచినా తగులుతూనే ఉంటుంది. రెండోది, అసలు కొలత. స్ప్రింగు తీసేసి, బంప్ స్టాపును ఉంచి, కింది ఆర్మ్‌కు జాకీ పెట్టి చక్రాన్ని చివరిదాకా ఎక్కించండి (బండి స్టాండ్ల మీదే ఉండాలి, జాకీ మీద కాదు). ఆ స్థితిలో అంచుకూ టైరుకూ మధ్య 8 నుంచి 10 మి.మీ. కావాలి. వెనక సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), దానికి పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసును బాడీకి అడ్డంగా కలిపే కడ్డీ) ఉన్న బండ్లలో యాక్సిల్ పైకి లేచేటప్పుడు పక్కకు కూడా జరుగుతుంది. అందుకే రెండు వైపులా ఖాళీ ఒకేలా ఉండదు, ఒక్కో వైపు విడిగా కొలవాలి.

రోలింగ్‌కు దిగే ముందు అంచు వెంబడి అయస్కాంతం జరపండి. పట్టు సడలిన చోట పుట్టీ ఉంది. అక్కడ వంచితే పెంకులా రాలుతుంది. ముందే చెక్కి తీసి, పెయింటింగ్‌కు సిద్ధపడి చేయాలి. బంపర్, లైనర్ స్క్రూలు విప్పి, అంచు లోపలి బురద కడిగి ఆరబెట్టండి. హబ్‌కు (చక్రం బిగించే మధ్య భాగానికి) బిగించే రోలర్ వాడుతుంటే కింది ఆర్మ్‌ను జాకీతో మామూలు ఎత్తుకు లేపండి. చక్రం వేలాడుతుంటే హబ్ కేంద్రం కిందికి జారి, రోలర్ తిరిగే వంపు ఆర్చ్ (చక్రం పైన ఫెండర్ కమాను) వంపుతో కలవదు.

పెయింటును సుమారు 60 డిగ్రీలకు వేడి చేయాలి. రేకును వేలితో తాకితే చేయి వెంటనే లాగేసుకునేంత వేడి అది. వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే ఇంకా మంచిది. గన్‌ను ఒకే చోట నిలపొద్దు, బుడగలు లేస్తాయి. రోలర్‌ను మొదట 30 డిగ్రీలకు వంగేంత మాత్రమే బిగించి, ఆర్చ్ ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగైదు సార్లు తిప్పండి. మళ్లీ వేడి చేసి, రోలర్ కోణం కొద్దిగా మార్చి, మళ్లీ తిప్పండి. ఒక్కో ఆర్చ్‌కు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. కావలసిన జాగా వచ్చిందా, అక్కడితో ఆపండి. మడత పూర్తిగా అణగాలన్న పట్టుదల వద్దు.

ఇక్కడ జరిగే పొరపాట్లకు వేటి గుర్తులు వాటికే ఉంటాయి. అంచు అలలు అలలుగా తేలితే ఒక్కసారికి ఎక్కువ వంచారు. ఫెండర్ పైభాగం బయటికి ఉబ్బితే రోలర్ మడత దాటి లోపలికి ఎక్కి, పలకనే తోసింది. సన్నటి జాలీ పగుళ్లు కనిపిస్తే రేకు చల్లగా ఉండగా వంచారు, లేదా పాత పెయింటు మీద మళ్లీ పెయింటు వేసి ఉంది. పగుళ్లు చిన్నవైనా వదలొద్దు. శుభ్రం చేసి, ప్రైమరూ టచప్ పెయింటూ పూసి, మడత లోపలికి క్యావిటీ వ్యాక్స్ (తుప్పు ఆపే మైనం) కొట్టండి. లేకపోతే ఆ మడతలోనే నీరు నిలిచి, బయటికి కనిపించకుండా తుప్పు పడుతుంది. టైరుకూ అంచుకూ మధ్య గుండ్రటి కర్ర పెట్టి బండిని ముందుకూ వెనక్కూ తోసే పద్ధతి ఒకటుంది. అందులో ఎంత బలం పడుతోందో మన చేతిలో ఉండదు. అలలు వచ్చిన ఫెండర్లలో ఈ కర్ర పనే కనబడుతుంటుంది.

వెనక ఫెండర్లతో ఇంకో చిక్కు. ముందు ఫెండర్ బోల్టులతో ఊడొచ్చే ఒకే పలక. వెనకది బాడీలో భాగం. బయటి రేకు, లోపలి వీల్ హౌస్ రేకు అంచు దగ్గర స్పాట్ వెల్డింగ్‌తో కలిసి ఉంటాయి. మందం రెట్టింపు కాబట్టి వంగడానికి మొరాయిస్తుంది, గట్టిగా లాగితే అతుకు విడిపోతుంది.

మడత వంచినా 3, 4 మి.మీ. చాలకపోతే క్యాంబర్‌తో (చక్రం నిలువుకు ఎంత వాలి ఉందో చెప్పే కోణంతో) సర్దుకోవచ్చు. చక్రం మధ్య నుంచి ట్రెడ్ దాకా 316 మి.మీ. ఉన్న టైరుకు ఒక డిగ్రీ నెగటివ్ క్యాంబర్ ఇస్తే పైభాగం 5 మి.మీ. పైచిలుకు లోపలికి వస్తుంది. స్ట్రట్ కింద క్యాంబర్ బోల్టు వేస్తే టైరు స్ట్రట్ వైపు వాలుతుంది, లోపలి ఖాళీ తగ్గుతుంది. పైన క్యాంబర్ ప్లేటు వేస్తే స్ట్రట్ కూడా కలిసి వాలుతుంది, ఆ ఖాళీ అలాగే ఉంటుంది. ఏది చేసినా టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) సరిచేయించాలి. టో తేడా ఉంటే టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది.

టైరు ఫెండర్ కంటే బయటికి వచ్చింది, రాళ్లూ బురదా డోర్ల మీద పడుతున్నాయి

రోలింగ్‌తో ఇది పోదు. ఫెండర్ ఫ్లేర్లు (ఫెండర్ అంచుకు బయట బిగించే వెడల్పు పట్టీలు) కావాలి. టైరు ఎంత కప్పాలో యూరప్ నిబంధన మంచి కొలబద్ద. చక్రం మధ్య నుంచి పైకి గీసిన నిలువు గీతకు ముందు వైపు 30 డిగ్రీలు, వెనక వైపు 50 డిగ్రీల మేర టైరు వెడల్పును ఫెండర్ కప్పాలంటుంది. వెనక వైపు ఎక్కువ అడగడానికి కారణం తేలికే. టైరు విసిరే బురద అటే లేస్తుంది.

ఫ్లేరును బాడీకి ఆనించి దాని అంచు వెంబడి గీత గీసి, ఆ గీత మీదే కోసేయడం ఘోరమైన తప్పు. అప్పుడు బోల్టు పట్టడానికి రేకు మిగలదు. ముందుగా బోల్టు రంధ్రాల వరుసను మాస్కింగ్ టేపు మీద గుర్తించి, దానికి కనీసం 15 మి.మీ. కిందుగా కోత గీత వేయండి. చక్రాన్ని పూర్తిగా ఎక్కించి, టైరు ఆ గీత దాటుతోందో లేదో చూశాకే గ్రైండర్ ఆన్ చేయండి. కోసే ముందు వెనక ఏముందో చూడాలి. వెనక ఫెండర్ ఒక వైపున పెట్రోల్ నింపే గొట్టం, టెయిల్ ల్యాంపు వైర్లు, చప్పుడు ఆపే ఫోమ్ ఉంటాయి. నిప్పురవ్వకు ఫోమ్ ఇట్టే అంటుకుంటుంది. బ్యాటరీ నెగటివ్ విప్పండి, గొట్టాన్ని తీసేయండి, మంటలు ఆర్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి.

వెనక బయటి రేకు కోశాక లోపలి రేకు తెరుచుకుని మిగులుతుంది. దాన్ని 25 నుంచి 30 మి.మీ.కు ఒక గాటు చొప్పున నిలువుగా కోసి, ఆ ముక్కలను ఒక్కొక్కటిగా బయటి రేకు వైపు వంచి ఆనించాలి. కలిసే చోట పెయింటు గీకి, వెల్డింగ్‌ను తట్టుకునే జింక్ ప్రైమర్ పూసి, క్లాంపులతో బిగించి, చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ చేయాలి. ఒక చుక్క ఈ చివర, తర్వాతది ఆ చివర. మధ్యలో చల్లారనివ్వాలి. వరసగా లాగితే బయటి పలక వేడికి వంకర పోతుంది, ఆపైన కిలోల కొద్దీ పుట్టీ పెట్టాలి. వెల్డింగ్ ఇష్టం లేకపోతే రెండు భాగాల ప్యానెల్ బాండ్ జిగురు వాడొచ్చు. ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమర్, లోపలా బయటా సీమ్ సీలర్, పైన అండర్ బాడీ కోటింగ్.

ఫ్లేరును ఎం6 రివ్‌నట్లతో (రేకు రంధ్రంలో నొక్కి బిగించే 6 మి.మీ. మర నట్లతో) బిగిస్తే తర్వాత విప్పుకోవచ్చు. సాధారణంగా వాటికి 9 మి.మీ. రంధ్రం కావాలి. రంధ్రం చేయగానే అంచుకు ప్రైమర్ పూసి, ఆరాకే నట్టు దించండి. ఫ్లేరుకూ బాడీకీ మధ్య రబ్బరు అంచు పట్టీ తప్పనిసరి. అది లేకపోతే ఇసుక చేరి పెయింటును గీకేస్తుంది.

ఫ్లేర్లు వేశాక బోల్టుల చుట్టూ పగుళ్లు

ఫైబర్ గ్లాస్ ఫ్లేర్లలో ఇది మామూలే. రంధ్రం బోల్టుకు సరిగ్గా సరిపోయేంత ఉంటే ఎండకు వ్యాకోచించడానికి చోటుండదు. రంధ్రాన్ని 1.5 నుంచి 2 మి.మీ. పెద్దది చేసి, రబ్బరు వాషర్ వేసి, పైన మధ్య బోల్టుతో మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బిగిస్తూ చివరలకు వెళ్లండి. ఒక చివర నుంచి బిగించుకుంటూ వస్తే ఆ వంకరంతా రెండో చివర పేరుకుని అక్కడ పగులుతుంది.

వర్షం పడ్డాక డిక్కీలో నీళ్లు

వెనక రేకుల అతుకు ఎక్కడో మూసుకోలేదు. ఒకరు టార్చితో డిక్కీలో లైనింగ్ తీసి కూర్చుంటే, ఇంకొకరు చక్రం వైపు నుంచి గొట్టంతో నీళ్లు కొట్టాలి. తడి కనిపించిన చోట సీలర్ గీకి, మళ్లీ వేయాలి. దీన్ని వాయిదా వేయకండి. నీరు వచ్చే సందులోంచి సైలెన్సర్ పొగ కూడా లోపలికి వస్తుంది.

లోపలి వైపు స్ట్రట్‌కు తగులుతోంది

లోపల 5 మి.మీ. కంటే తక్కువ ఖాళీ ఉంటే మలుపులో టైరు సాగి తగులుతుంది. స్పేసర్ వేయొచ్చు, కానీ అది హబ్ రింగు మీద సరిగ్గా కూర్చునేదై ఉండాలి. లేకపోతే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. బోల్టు మర ఎంత లోతు పట్టిందో కూడా లెక్కించండి. మర పట్టే పొడవు బోల్టు వ్యాసానికి తగ్గకూడదు. 12 మి.మీ. బోల్టుకు 1.5 పిచ్ అయితే కనీసం 8 చుట్లు. స్పేసర్ వేసి పాత బోల్టులే బిగిస్తే ఈ లెక్క తప్పుతుంది.

ఒకసారి సరైంది, కొన్ని వారాలకు మళ్లీ మొదలైంది

ముందు లైనర్ క్లిప్పులు చూడండి. ఒకటి ఊడినా గాలికి లైనర్ వంగి టైరు మీదికి వస్తుంది. తర్వాత బంపర్ చివర ఫెండర్‌తో కలిసే మూల. రోలింగ్ కోసం విప్పిన స్క్రూ తిరిగి పట్టక, బంపర్ మూల కిందికి జారి ఉంటుంది. కొత్త స్ప్రింగులు వేసిన బండి అయితే ఎత్తు మళ్లీ కొలవండి. కొత్త స్ప్రింగులు వాడుకలో కాస్త కుదురుకుంటాయి. హబ్ మధ్య నుంచి ఆర్చ్ అంచు దాకా మొదట్లోనే కొలిచి రాసి పెట్టుకుంటే, ఎంత కుదురుకున్నాయో అప్పుడు టేపు పెట్టగానే తెలుస్తుంది.