టెక్సస్‌లో అడవి పందుల వేట: రైఫిల్ కాలిబర్, తూటా ఎలా ఎంచుకోవాలి?

నా మొదటి పంది చేజారింది కాలిబర్ (తూటాలోంచి దూసుకెళ్ళే గుండు లావు) చిన్నదై కాదు, డబ్బా మీద ఉన్న మూడు అక్షరాలు చదవకపోవడం వల్ల. ఎఫ్‌ఎంజె అని ఉంది. రేంజ్‌లో కాగితం మీద కాల్చడానికి చవగ్గా కొన్న తూటాలవి. నూరు గజాల లోపే, మేత రాల్చే ఫీడర్ కింద పడిన మొక్కజొన్న తింటున్న పంది. దెబ్బ తగిలిన చప్పుడు కూడా వినిపించింది. కీచుమని అరిచి మెస్కీట్ పొదల్లోకి దూరిపోయింది. టార్చి లైటు పట్టుకుని రెండు గంటలు వెతికాం. నాలుగు రక్తపు చుక్కలు కనబడ్డాయి, తర్వాత అవీ లేవు. రాంచ్ యజమాని నా రైఫిల్ మ్యాగజైన్‌లోంచి (తూటాలు నింపే డబ్బీ) ఒక తూటా తీసి, టోపీ దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, "వీటితో కాగితాలే కాల్చుకో" అని నా జేబులో వేశాడు.

డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో ఈ మధ్య పందుల వేటకు వెళ్ళేవాళ్ళు కనిపిస్తున్నారు. అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ కాలిబర్ కొనాలి?" నన్నడిగితే అది మూడో ప్రశ్న.

మొదట, తుపాకీ పట్టుకునే హక్కు మీకుందో లేదో చూసుకోండి

టెక్సస్‌లోని 254 కౌంటీలలో దాదాపు అన్నిట్లోనూ ఈ పందులున్నాయి. పంటలకు, పచ్చికకు చేటు కాబట్టి వీటికి వేట సీజన్ లేదు, ఇన్నే చంపాలన్న పరిమితి లేదు, ప్రైవేటు భూమిలో రాత్రిపూట కూడా వేటాడొచ్చు. 2019 సెప్టెంబర్ 1 నుంచి, భూమి యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో పందుల వేటకు హంటింగ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు.

మనవాళ్ళు పొరబడేది ఇక్కడే. లైసెన్స్ అక్కర్లేదన్నది రాష్ట్రం మాట. హెచ్‌-1బి, ఎఫ్‌-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. దానికున్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండాలి. అంటే పక్కింటి అమెరికన్‌కు అవసరం లేని కాగితం మీకు తప్పనిసరి. స్నేహితుడి రైఫిల్ కాసేపు చేతిలోకి తీసుకోవడం కూడా 'దగ్గర ఉండటం' కిందికే రావచ్చు, కాబట్టి లైసెన్స్ తీసుకున్నాకే రాంచ్ గేటు దాటండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. బద్ధకించకుండా చేయండి, బాగానే నేర్పిస్తారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ వీసా చిక్కు లేదు. మీ కేసులో ఏమాత్రం అనుమానం ఉన్నా ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. ఒక పంది కోసం వీసా మీదకు తెచ్చుకోవద్దు.

ఇంకోమాట. ఇదంతా ఇక్కడి సంగతి. మన ఊళ్ళో వేరుశనగ చేనును పందులు ఎంత పాడుచేసినా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అధికారుల అనుమతి లేకుండా చంపితే నేరం. ఇది చదివి ఊళ్ళో తమ్ముడికి సలహాలివ్వకండి.

పంది ఒళ్ళు జింక ఒళ్ళు కాదు

ఇక్కడి పందులు మొదట స్పెయిన్ వాళ్ళు తెచ్చిన పెంపుడు పందుల సంతతి. 1930లలో వేట కోసం యూరప్ అడవి పందుల్ని తెచ్చి వదిలారు, రెండు జాతులూ కలిసిపోయాయి. పెద్దవి చాలావరకు 45 నుంచి 90 కిలోల మధ్య ఉంటాయి. ఫొటోల్లో కనిపించే రెండొందల కిలోల పంది మీకు తారసపడకపోవచ్చు. దాన్ని ఊహించుకుని ఏనుగును కొట్టే తుపాకీ కొననక్కర్లేదు.

అయితే ముదురు మగపందికి జబ్బల మీద చర్మం కింద గట్టి కవచం పెరుగుతుంది. తోటి మగవాటి కోరల నుంచి కాపాడుకోవడానికి వచ్చింది. మృదులాస్థిలా గట్టిగా, మందంగా ఉంటుంది. సరైన రైఫిల్ గుండుకు అదేం ఉక్కు కాదు, కానీ తగలగానే ముక్కలైపోయే తేలిక గుండును పైపైనే ఆపేయగలదు.

రెండోది, గుండెకాయ ఉన్న చోటు. పందికి అది బాగా ముందుకు, బాగా కిందకు, ముంగాళ్ళ మధ్యలో ఉంటుంది. ఊపిరితిత్తులూ ముందుకే. జింకను కొట్టినట్టు జబ్బ వెనక కొడితే గుండు పొట్టలోకి పోతుంది. పంది పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముంగాలి గీత వెంటే పైకి వెళ్ళి, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఆపాలి. వీపు మీద జూలు, మూపు ఎత్తుగా ఉండటంతో కన్ను మోసపోయి పైకి గురిపెడుతుంది. పైగా దాని గాయాన్ని కొవ్వు, బురద పూడ్చేస్తాయి, రక్తం బయటికి సరిగా కారదు. ఆ రాత్రి నాకు నాలుగు చుక్కలే ఎందుకు కనబడ్డాయో తర్వాత అర్థమైంది. అందుకే గుండు లోపలికి వెళ్ళడమే కాదు, వీలైతే అవతలి వైపు పెద్ద రంధ్రం చేసుకుని బయటికి రావాలి.

కాలిబర్: అంకె చూసి బలం అనుకోవద్దు

కాలిబర్ అంకె గుండు ఎంత లావో చెబుతుంది, ఎంత బలంగా కొడుతుందో చెప్పదు. .22 లాంగ్ రైఫిల్ గుండూ .223 రెమింగ్టన్ గుండూ దాదాపు ఒకే లావు. కానీ మొదటిది గొట్టం దాటేటప్పుడు 130 ఫుట్‌పౌండ్ల (దెబ్బ బలానికి కొలత) దగ్గర ఉంటే రెండోది 1,250 దాటుతుంది. తేడా అంతా వెనకున్న మందులో ఉంది. .22 లాంగ్ రైఫిల్‌తో పందుల వేటకు రావద్దు.

మీరు ఎక్కణ్ణుంచి కాలుస్తారో ఆలోచించండి. ఫీడర్‌కు ఎదురుగా మంచె కట్టి కూర్చోబెడితే (ఇక్కడ బ్లైండ్ అంటారు గానీ మన చేలల్లో కాపలా మంచె లాంటిదే) దూరం 75 నుంచి 150 గజాలు, పంది కదలకుండా తింటూ ఉంటుంది. రాత్రి ఒంటి వేడిని పట్టి చూపించే థర్మల్ స్కోప్‌తో పొలంలో మంద వెంట పడితే ఒక దెబ్బకు పదిహేను పందులు చెల్లాచెదురవుతాయి, రెండో దెబ్బ వెంటనే కొట్టగలగాలి. దట్టమైన పొదల్లో అయితే యాభై గజాలే.

మంచె మీదికైతే .308 వించెస్టర్. 1952 నుంచి ఉన్న తూటా, చిన్న ఊరి దుకాణంలోనూ దొరుకుతుంది. 150 గ్రెయిన్ల (గుండు బరువుకు కొలత) గుండు సెకనుకు 2,800 అడుగుల వేగంతో, 2,600 ఫుట్‌పౌండ్ల పైచిలుకు బలంతో బయల్దేరుతుంది. ఏ కోణంలో నిలబడ్డ పందికైనా చాలు. భుజానికి దెబ్బ మాత్రం గట్టిగానే ఉంటుంది. అది భరించలేకపోతే .243 వించెస్టర్ గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ తీసుకోండి. ట్రిగ్గర్ నొక్కేముందు కళ్ళు మూసుకునేవాడికి పెద్ద కాలిబర్ దండగ. ఇంట్లో .270 గానీ .30-06 గానీ ఉంటే కొత్తది కొనే పనే లేదు.

మంద వెంట పడేవాళ్ళు ఏఆర్-15 రకం సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు, తర్వాతి తూటా దానంతటదే ఎక్కుతుంది) వాడతారు. అందులో మామూలుగా వచ్చే .223 పందిని చంపుతుంది, కానీ తప్పును క్షమించదు. మంచి గుండు, నూరు గజాల లోపు, పంది సరిగ్గా పక్కకు తిరిగి ఉండాలి. అదే సైజు రైఫిల్‌లో 6.5 గ్రెండెల్ నాకు బాగా నచ్చింది. 123 గ్రెయిన్ల గుండు, దెబ్బ తక్కువ, రెండొందల గజాల దాకా బెంగ ఉండదు. .300 బ్లాకౌట్ కూడా మంచిదే, 110 నుంచి 125 గ్రెయిన్ల వేగమైన గుండ్లతో, 150 గజాల లోపు. దాని సబ్‌సోనిక్ రకం (ధ్వని కంటే నెమ్మదిగా వెళ్ళేది) సైలెన్సర్‌తో చప్పుడు చేయదని మోజు పడతారు. ఆ నెమ్మది వేగంలో మామూలు గుండు విచ్చుకోదు, దానికోసం ప్రత్యేకంగా చేసిన గుండు కావాలి.

పొదల్లో వేటకు 1895 నాటి .30-30 లీవర్ యాక్షన్ (చేత్తో మీట ఆడించి తూటా ఎక్కించే రైఫిల్) ఇప్పటికీ హాయిగా పనిచేస్తుంది. ఒక జాగ్రత్త: చాలావాటిలో తూటాలు, కాల్చే గొట్టం కింద ఉండే ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొన సూదిగా ఉన్న గుండు ముందున్న తూటా ప్రైమర్‌కు (అడుగున ఉండి మందును అంటించే భాగం) ఆని ఉంటుంది, కుదుపుకు పేలొచ్చు. చదును మొన గుండు, లేదా ఆ రైఫిళ్ళ కోసమే మెత్తని పాలిమర్ మొనతో చేసినవే వేయాలి.

గుండు: డబ్బా మీద ఏం రాసి ఉందో చదవండి

అసలు పని ఇక్కడుంది. డబ్బా మీద కాలిబర్ పక్కన బరువు గ్రెయిన్లలో ఉంటుంది. కంసాలి గురిగింజ ఎత్తులో ఇంచుమించు సగం ఒక గ్రెయిన్. 150 గ్రెయిన్లంటే పది గ్రాముల లోపే. ఆ తర్వాత వచ్చే మాటలు గుండు ఎలా తయారైందో చెబుతాయి.

ఎఫ్‌ఎంజె, ఫుల్ మెటల్ జాకెట్ అని ఉంటే గుండు చుట్టూ రాగి పూత మూసి ఉన్నట్టు. విచ్చుకోకుండా సన్నగా దూసుకుపోతుంది. రేంజ్‌కు సరే. మ్యాచ్ అని ఉంటే గురిపోటీలకు చేసింది, పంది ఒంట్లో ఏం చేస్తుందో నమ్మకం లేదు. వార్మింట్ అని ఉంటే కయోటీల లాంటి చిన్న జంతువులకు, తగలగానే చిట్లిపోవాలని చేసింది. ముదురు మగపంది కవచం మీద అది పైగాయమే చేస్తుంది. ఈ మూడూ పక్కన పెట్టేయండి.

సాఫ్ట్ పాయింట్ అంటే మొన దగ్గర సీసం బయటికి ఉంటుంది, తగిలాక పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. .308, .30-30 లాంటివాటికి ఇది చాలు, చవక కూడా. బాండెడ్ అంటే లోపలి సీసాన్ని పైపూతకు అతికించారు, విచ్చుకున్నా విడిపోదు. ఫెడరల్ కంపెనీ ఫ్యూజన్ ఈ రకం. .223 వాడేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే: 60 గ్రెయిన్ల పైన, బాండెడ్ గానీ పూర్తి రాగి గానీ. బార్న్స్ టీఎస్‌ఎక్స్ లాంటి పూర్తి రాగి గుండ్లు లోతుగా వెళ్తాయి, బరువు పోగొట్టుకోవు. సీసం కంటే రాగి తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవవుతుంది, అందుకని ఒక మెట్టు తక్కువ బరువు తీసుకోవాలి. .308లో 150కి బదులు 130 గ్రెయిన్లు. మాంసం ఇంటికి తెచ్చుకుని వండేవాళ్ళకు, ముఖ్యంగా పిల్లలున్నవాళ్ళకు, రాగి మేలు. సీసం గుండు కంటికి కనిపించని పలుకులుగా మాంసంలో చెదిరిపోతుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకైతే ఎంపికే లేదు, 2019 జూలై 1 నుంచి అక్కడ వేటకు సీసం తూటాలు నిషేధం.

బరువైన .223 గుండ్లు కొనేముందు గొట్టం మీద చెక్కిన ట్విస్ట్ అంకె (గుండు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందో చెప్పేది) చూడండి. 1:12 ఉన్న పాత రైఫిల్ 55 గ్రెయిన్ల దాకానే సరిగా తిప్పుతుంది. 77 గ్రెయిన్లకు 1:8 గానీ 1:7 గానీ కావాలి.

రైఫిల్ మీద ఉన్న పేరు, డబ్బా మీద ఉన్న పేరు ఒకటే కావాలి

.300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్ మ్యాగజైన్‌లో చక్కగా కూర్చుంటుంది. ఒక్కోసారి తూటా పేలే చోటైన ఛాంబర్‌లోకీ వెళ్తుంది. కాల్చితే లావు గుండు సన్న గొట్టంలో ఇరుక్కుని రైఫిల్ ముఖం దగ్గరే పగిలిపోతుంది. ఆ రెండూ ఉన్నవాళ్ళు మ్యాగజైన్లకు వేరే రంగు టేపు వేసుకోండి, ఒకే సంచిలో తేవద్దు. అలాగే 5.56 నాటో తూటాలను .223 అని మాత్రమే రాసి ఉన్న రైఫిల్‌లో వేయొద్దు, ఒత్తిడి పెరుగుతుంది. 5.56 అని ఉన్న రైఫిల్‌లో .223 వేసుకోవచ్చు.

చివరగా రేంజ్‌కు

రెండు మూడు రకాల తూటాలు ఒక్కో డబ్బా కొని, నూరు గజాల దగ్గర ఒక్కోదానితో మూడేసి చొప్పున కాల్చండి. ఒకే రైఫిల్ ఒక రకాన్ని అరచేతి వెడల్పులో చెదరగొట్టి, ఇంకోదాన్ని రూపాయి బిళ్ళంత చోట పెడుతుంది. ఎందుకని అడక్కండి, అది దాని ఇష్టం. నచ్చిన రకంతోనే స్కోప్ జీరో చేసి (గురిపెట్టిన చోటే గుండు పడేలా సరిచేసి), అదే రకం ఇంకో నాలుగు డబ్బాలు కొనుక్కోండి. చవక ఎఫ్‌ఎంజెతో జీరో చేసి వేటకు వేరే తూటా వేస్తే గుండు మూడు నాలుగు అంగుళాలు పక్కకు పడినా ఆశ్చర్యం లేదు. తర్వాత బెంచి మీంచి లేచి, మంచెలో కూర్చున్నట్టు మోకాలి మీద ఆనించి కాల్చండి. అలా కాల్చినప్పుడు ఎన్ని గజాల దాకా ప్రతి గుండూ చిన్న పళ్ళెంలో పడుతోందో, అదే మీ దూరం. నాది 120 గజాలు. పోయిన నవంబర్‌లో 160 దగ్గర ఒక పెద్ద మగపంది నిలబడింది. స్కోప్‌లోంచి చూస్తూ కూర్చున్నాను. అది తిని వెళ్ళిపోయింది.