గ్యాసు గోపురంలో వలయచిత్రం చూడబోయే ముందు

బెంగళూరు నుండి ఆఫీసు పనిమీద జర్మనీ వెళ్లే మన తెలుగువారిలో ఎవరికైనా లైప్‌జిగ్‌లో ఒక పూట ఖాళీ దొరికితే, అక్కడి పానోమీటర్‌కు కనీసం గంటన్నర కేటాయించుకోవలసిందిగా నా సలహా. ఒకప్పుడు నగరానికి గ్యాసు నిల్వచేసిన ఆ గుండ్రటి ఇటుక కట్టడంలో, యాదెగార్ అసీసీ అనే కళాకారుడు 2003 నుండి, చుట్టుకొలత నూరు మీటర్లు దాటే వలయచిత్రాలను (చూసేవారి చుట్టూ గుండ్రంగా పరుచుకునే పానోరమా చిత్రాలను) వస్త్రంపై ముద్రించి ప్రదర్శిస్తున్నారు. మొదటిది ఎవరెస్టు. కొంతకాలానికొకసారి చిత్రం మారుతుంది కనుక, ప్రస్తుతం ఏది ఉన్నదో చూసుకున్నాకే టికెట్టు కొనండి.

చాలామంది లోపలికి అడుగుపెట్టగానే ఫోను తీసి, నాలుగు ఫొటోలతో సరిపెట్టుకుని బయటపడతారు. ఆ తొందర వద్దు. చిత్రంపై పడే వెలుతురు పగటి నుండి రాత్రికి మెల్లగా మారుతుంది, దానితోపాటే శబ్దాలూ మారతాయి. అందువల్ల ముందు కింద నిలబడి ఒకసారి తలెత్తి చూసి, తరువాత మధ్యనున్న వీక్షణ వేదిక ఎక్కి, ఒక పగలూ ఒక రాత్రీ పూర్తయ్యేదాకా అక్కడే ఉండండి. కబ్బన్ పార్కులో పిట్టలను చూద్దామని కొని అల్మారాలో పడేసిన బైనాక్యులర్ ఉంటే (మా ఇంట్లోనూ అదే గతి) వెంట తీసుకెళ్లండి, చిత్రంలోని దూరపు మనుషుల ముఖాలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీసుకెళ్తే మెట్లు మెల్లగా, అంతస్తుకొకసారి ఆగుతూ ఎక్కించండి. చలికాలమైతే స్వెట్టరు విప్పకండి.