తుఫాను వస్తోందంటే ముందు చూసుకోవాల్సింది గాలి వేగం కాదు

అక్టోబరు వచ్చిందంటే కోస్తాలో టీవీ పెట్టగానే బంగాళాఖాతం మీద గుండ్రంగా తిరిగే తెల్లటి మబ్బు బొమ్మే. ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో, టీ కొట్టు దగ్గర అదే చర్చ. దీని పేరేంటి, ఏ దేశం పెట్టింది, గాలి ఎన్ని కిలోమీటర్లు అంటూ. అవి తెలుసుకోవద్దని కాదు గానీ, వాటికంటే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ఎక్కడ దాటుతుంది, మన ఊరు దానికి ఏ పక్కన పడుతుంది, మన ఇల్లు మెరక మీద ఉందా పల్లంలో ఉందా. ఈ మూడూ తెలిస్తే ఇంట్లో ఉండొచ్చా, బయల్దేరాలా అన్నది చాలావరకు తేలిపోతుంది. టార్చిలూ కొవ్వొత్తులూ ఆ తర్వాత.

ఏ పక్కన అన్నది ఎందుకంటే, మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకని అది తీరం దాటేటప్పుడు కేంద్రానికి ఉత్తరం వైపు, అంటే మ్యాపులో పై వైపు ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రంలోంచి వీస్తుంది, నీటిని తోసుకుంటూ వస్తుంది. కింది వైపు ఊళ్లలో గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది కాబట్టి అక్కడ వానా, చెట్లు పడిపోవడం ఉన్నా ఉప్పెన భయం బాగా తక్కువ. 1977 నవంబరు 19 తుఫాను దాటింది చీరాల దగ్గర. ఉప్పెన ముంచింది మాత్రం దానికి పై వైపున, కృష్ణా నది సముద్రంలో కలిసేచోట ఉన్న దివిసీమను. ఐదు మీటర్ల ఎత్తున నీళ్లొచ్చాయి, దాదాపు పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్క, అవనిగడ్డ, నాగాయలంక వైపు పెద్దవాళ్లనడిగితే ఆ లెక్కను ఒప్పుకోరు. కాబట్టి టీవీలో "ఫలానా చోట దాటే అవకాశం" అనగానే మన ఊరి పేరు లేదని ఊపిరి పీల్చుకోకండి. ఆ చోటికి మనం పైనున్నామా కిందున్నామా చూసుకోండి. దాటే చోటు ఆఖరి రోజు దాకా కొంచెం అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది, అది కూడా మనసులో పెట్టుకోండి.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల గురించి కూడా ఓ మాట, ఎందుకంటే పేపర్లో ఎనిమిది, తొమ్మిది, పది అని చదివి పరీక్షలో మార్కుల్లాగా తీసుకుంటారు చాలామంది. ఒకటి, రెండు అంటే తుఫాను దూరంగా సముద్రంలో ఉంది. మూడు, నాలుగు అంటే రేవులోనే గాలివాన మొదలవుతుంది. ఐదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెద్ద ప్రమాదం. ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా తీవ్రతలో కాదు, తుఫాను రేవుకు ఏ పక్కగా పోతుందన్న దాంట్లో. పది అంటే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో పోతుందని. పదకొండు అంటే హెచ్చరికలిచ్చే కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. "ఎనిమిదే కదా" అని తేలిగ్గా తీసుకోవడానికి లేదన్నమాట.

వాతావరణ శాఖ మామూలుగా రెండు రోజుల ముందు ఒక హెచ్చరిక, ఒక రోజు ముందు ఇంకా గట్టి హెచ్చరిక ఇస్తుంది. విశాఖలో వాళ్ల తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది, ఆకాశవాణిలో ఆ బులెటిన్లు చదువుతారు. యూట్యూబులో ఎర్రక్షరాల బొమ్మలు పెట్టి "సముద్రం మింగేస్తుంది" అనేవాళ్ల జోలికి పోకండి, వాట్సాప్‌లో తేదీ లేకుండా తిరిగే మ్యాపుల్ని అసలు నమ్మకండి, అవి ఏ పాత తుఫానువో అయి ఉంటాయి. బ్యాటరీ సెల్లుతో పనిచేసే చిన్న రేడియో ఒకటి కొనుక్కోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు ఫోన్లు మూగబోయాయి, అలాంటప్పుడు ఆ రేడియో విలువ తెలుస్తుంది.

సరే, రెండు రోజులున్నాయి అనుకుందాం. మొదట చేయాల్సింది కొనుగోళ్లు కాదు, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రావడం. గాలికి ఎగిరేవి ఏమున్నాయో చూడండి. పెంకులు, విరిగిన రేకు ముక్కలు, ప్లాస్టిక్ కుర్చీలు, డాబా మీద పూలకుండీలు, డిష్ యాంటెన్నా. గంటకు నూటయాభై కిలోమీటర్ల గాలిలో రేకు ముక్క కత్తితో సమానం. కొబ్బరి చెట్టు ఇంటి మీదికి వాలి ఉంటే ఎక్కేవాణ్ణి పిలిచి ముదురు గెలలు, ఎండు మట్టలు దింపించేయండి, ఒక రోజు ఆలస్యమైతే వాళ్లు దొరకరు, దొరికినా గాలిలో ఎక్కించడం పాపం. రేకుల షెడ్డుకు కొక్కేల బోల్టులు బిగించి, రేకుల మీద ఇసుక బస్తాలు వేసి, ఆ బస్తాల్ని ఒకదానికొకటి తాడుతో కట్టండి. కట్టకపోతే గాలికి అవే జారి కింద పడతాయి. డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకును నిండుగా నింపండి. ఖాళీ ట్యాంకు ఎగిరిపోతుంది, నిండుది ఎగరదు, పైగా కరెంటు పోయాక మోటారు ఎలాగూ తిరగదు కాబట్టి ఆ నీళ్లే దిక్కు. తాగే నీళ్లు విడిగా బిందెల్లో, డ్రమ్ముల్లో, మూతలు పెట్టి.

అద్దాల కిటికీలకు టేపు అతికించి ధీమాగా పడుకోకండి. టేపు అద్దాన్ని పగలకుండా ఆపదు. ప్లైవుడ్ చెక్క దొరికితే బయట నుంచి కొట్టండి, లేదంటే ఆ గదిని ఖాళీ చేసి తలుపేసుకోండి. బీచ్ వైపు అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం, ఆ రాత్రి మెట్ల దగ్గరి గదో, లోపలి వరండానో మంచిది.

డబ్బు సంగతి. ఫోన్‌పే, గూగుల్‌పే అలవాటైపోయి జేబులో వంద కాగితం కూడా ఉండట్లేదు మనకి. టవరు పోతే అవేమీ పనిచేయవు, ఏటీఎం కూడా. చిన్న నోట్లు కొన్ని తెచ్చిపెట్టుకోండి. బండిలో పెట్రోలు ముందే పోయించుకోండి. బీపీ, షుగరు మందులు రెండు వారాలకు సరిపడా తీసుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్ ఆగిపోతుందని టెన్షన్ పడక్కర్లేదు, చిన్న కుండలో సీసా పెట్టి, దాన్ని నీళ్లు పోసిన పెద్ద కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పితే కొన్ని రోజులు పాడవకుండా ఉంటుంది, సీసాలోకి నీళ్లు మాత్రం పోనివ్వకండి. ఇంట్లో నెలలు నిండిన ఆడపిల్ల ఉంటే నొప్పులొచ్చేదాకా ఆగొద్దు. ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పి ముందురోజే ఆసుపత్రిలో చేర్పించండి, దారిలో చెట్లు పడ్డాక 108 బండి కూడా రాలేదు.

తినడానికి పొయ్యి అవసరం లేనివి చూసుకోండి. అటుకులు, మరమరాలు, బెల్లం, వేయించిన వేరుశనగపప్పు, బిస్కెట్లు, చంటిపిల్లలకు పాలపొడి. పులిహోర ఒక రోజుకు బాగుంటుంది, రెండో రోజుకు లెక్కేసుకోకండి. ఆవకాయ జాడీ ఎలాగూ ఇంట్లో ఉంటుంది.

కాగితాలు: ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్ పుస్తకం, బ్యాంకు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు, ఎల్ఐసీ బాండ్లు. అన్నీ రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, మీరు బయల్దేరితే మీతో వచ్చే సంచిలో పెట్టండి, బీరువాలో కాదు. ప్రతిదాన్నీ ఫోన్లో ఫోటో తీసి వేరే ఊళ్లో ఉన్న బంధువుకు పంపేయండి. పనిలో పనిగా ఇంటిని, పడవని, చేనుని కూడా ఇప్పుడున్నట్టు నాలుగు ఫోటోలు తీయండి.

పశువుల్ని మెరకకు తోలండి. తోలే వీలు లేకపోతే కనీసం పలుపులు విప్పేయండి. కట్టేసిన గొడ్డు నీళ్లలో ఉన్నచోటే చచ్చిపోతుంది, విప్పిన గొడ్డు ఈదుకుంటూ ఎక్కడో గట్టెక్కుతుంది. వేటకెళ్లేవాళ్లకు నేను చెప్పేంతటివాణ్ణి కాదు గానీ, 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫానులో సముద్రం మీదున్న మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు, కాబట్టి వెనక్కి రమ్మన్న మాట వినగానే వచ్చేయండి. ఒడ్డున పడవల్ని వీలైనంత లోపలికి లాగండి. ఇంజిన్లు, వలలు ముందే ఇంటికి చేర్చండి, గాలి మొదలయ్యాక "ఒక్కసారి పడవ చూసొస్తా" అని రేవుకు పోకండి.

వరి సంగతి కాస్త తిరకాసు. కోతకొచ్చిన చేనుని కంగారుగా కోసి పనల మీద, అంటే చేలోనే పరిచి, వదిలేస్తే నిలబడ్డ చేను కంటే ఎక్కువ నష్టం. కోసి, అదే రోజు నూర్చి, బరకాలు కప్పి భద్రం చేయగలిగితేనే కోయండి, లేకపోతే కోత ఆపి, చేలో నీళ్లు బయటకు పోయేలా గట్లకు గండ్లు పెట్టి, బోదెలో చెత్త తీసేయండి. ఇప్పటికే కోసిన పనలుంటే వాటిని తెచ్చి కుప్ప వేసి బరకం కప్పండి. వాన వెలిశాక పడిపోయిన చేను మీద, తడిసిన పనల మీద లీటరు నీటికి యాభై గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తే గింజ మొలకెత్తడం తగ్గుతుంది. చేపల, రొయ్యల చెరువులవాళ్లు నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లకు డీజిల్ నిల్వ పెట్టుకోవాలి, మేత తగ్గించాలి, ఇది వాళ్లకు తెలిసిందే.

ఇక బయల్దేరడం. పాక అయినా, మట్టి గోడలైనా, రేకులైనా, సముద్రానికో, ఏటి ముఖానికో, ఉప్పుటేరుకో దగ్గరగా పల్లంలో ఇల్లున్నా వెళ్లిపోవాల్సిందే, ఇందులో బేరాల్లేవు. పక్కా డాబా, మెరక, తీరానికి దూరం, ఈ మూడూ ఉంటే ఇంట్లో ఉండొచ్చు. గాలి గోల చేసుకుంటూ వస్తుంది కాబట్టి అందరూ దానికే భయపడతారు. ఉప్పెన వచ్చేది ఆ గాలి చప్పుడు చాటునే, ఎక్కువగా చీకట్లో, అప్పుడు పరిగెత్తడానికి దారి కనిపించదు. అందుకే పగలు ఉండగానే కదలండి. వీఆర్వో గానీ, సచివాలయం వాళ్లు గానీ వచ్చి చెప్పేదాకా ఆగక్కర్లేదు, తుఫాను షెల్టరు ఏ బడిలో పెట్టారో కనుక్కుని ముందే వెళితే గోడ పక్కన చోటు కూడా దొరుకుతుంది. సామాన్లకు కాపలా ఉంటానని మొండికేసే తాతయ్య ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయనతో వాదన పెట్టుకోకండి, మనవరాలిని చేతికిచ్చి "నువ్వు తీసుకురా తాతయ్యా, నాకు సంచులున్నాయి" అనండి, లేచి వస్తాడు. వెళ్లేముందు మెయిన్ స్విచ్ ఆపండి, గ్యాస్ రెగ్యులేటరు తీసేయండి. 112, 1070 నంబర్లు కాగితం మీద కూడా రాసుకోండి.

ఆ రాత్రి ఒక మోసం ఉంటుంది. హోరు ఉన్నట్టుండి ఆగిపోతుంది, వాన తెరిపిస్తుంది, ఒక్కోసారి నక్షత్రాలు కూడా కనిపిస్తాయి. తుఫాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, మన మీద ఉందని దానర్థం. కాసేపటికి గాలి అవతలి వైపు నుంచి అంతే జోరుగా మొదలవుతుంది, ఒక పక్కకు వాలి ఉన్న చెట్లూ గోడలూ ఈసారి పడేవి. రేడియోలో తీరం దాటి బలహీనపడిందని చెప్పేదాకా గడప దాటకండి. దాటాక కూడా వాన ఆగదు. పైన కొండల్లో కురిసింది నాగావళి, వంశధారల్లోకో, మన డ్రెయిన్లలోకో ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది.

తెల్లారాక చెప్పులు వేసుకుని, చేతిలో కర్రతో దిగండి. తెగిన తీగ ఏదైనా కరెంటు ఉన్నట్టే లెక్క, 1912కు చెప్పండి. పాములు మెరక వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తాయి, మంచం కింద, బియ్యం డ్రమ్ము వెనక చూడండి. కరిస్తే కోతలు, కట్లు వద్దు, నేరుగా ఆసుపత్రికి. బోరు, బావి నీళ్లు కాచి గానీ క్లోరిన్ బిళ్ల వేసి గానీ తాగండి.

శుభ్రం చేయడం మొదలుపెట్టే ముందు మళ్లీ ఫోటోలు తీయండి, ముందు తీసినవాటి పక్కన పెట్టడానికి. పంట నష్టపరిహారానికి 33 శాతం, అంతకు మించి పోయి ఉండాలి, చేను ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంటల లెక్కలో, నమోదై ఉండాలి. బీమా ఉండి, కోసి ఆరబెట్టిన పంట తడిసిపోతే 72 గంటల్లోగా తెలియజేయాలి, ఆ లెక్క వాన ఆగిన రోజు నుంచి కాదు, నష్టం జరిగినప్పటి నుంచి. ఫోన్లు పనిచేయకపోతే రైతు సేవా కేంద్రానికి మనిషిని పంపి అర్జీ ఇప్పించి, రసీదు తీసుకురమ్మనండి.