చిత్రాన్ని చదవడం, 4వ పాఠం: ఎండుగడ్డి బండిని ఎక్కడ గీశారు?

గత పాఠంలో ఆంగ్ల చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ చిత్రం 'ద హే వెయిన్' (ఎండుగడ్డి బండి) చూసి ఒక పుట రాయమన్నాను. ఆయన ఏటి ఒడ్డున కూర్చుని, కళ్లెదుట ఉన్నదాన్ని ఉన్నట్టుగా చిత్రించాడని చాలామంది రాశారు. నేను ఆ రోజు చోటు గురించి చెప్పి పని గురించి చెప్పకపోవడమే ఇందుకు కారణం. అందుకని ఈసారి చెప్పవలసిన రంగుల పొందిక పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

చిత్రంలోని చోటు ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో స్టూర్ నది మీది ఫ్లాట్‌ఫర్డ్. చిత్రం తయారైనది మాత్రం లండన్‌లోని చిత్రశాలలో. అంతకు ముందు ఏళ్లలో చిత్రంలో కనిపించే ఇంటి దగ్గర గీసుకున్న చిన్న తైలవర్ణ చిత్తులను ఆధారం చేసుకుని, కాన్‌స్టబుల్ ముందుగా అసలు చిత్రమంత కొలతలో ఒక పెద్ద చిత్తు వేశాడు. బండి రూపం సరిగా రావాలని ఊరి నుంచి దాని బొమ్మ గీయించి తెప్పించుకున్నాడు. ఒడ్డున కూర్చున్న మనిషికి అలా తెప్పించుకునే అవసరం ఉండదు.

ఇక్కడే మరో పొరపాటుకు దారి ఉంది. రంగులు నింపే తగరపు ట్యూబును జాన్ గోఫ్ ర్యాండ్ 1841లో కనిపెట్టాడు కనుక, అంతకు ముందు ఎవరూ బయట తైలవర్ణాలు వాడలేదని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. నూనెలో నూరిన రంగులను పంది మూత్రాశయంతో చేసిన చిన్న సంచుల్లో నింపి అమ్మేవారు. వాటితోనే చిన్న అట్టల మీద బయట చిత్తులు వేసేవారు. కాన్‌స్టబుల్ 1815లో ప్రదర్శించిన పడవ నిర్మాణ చిత్రాన్ని చాలావరకు ఆరుబయటనే గీశాడు, కానీ దాని వెడల్పు 62 సెంటీమీటర్లకు మించదు. ఎండుగడ్డి బండి 130 సెంటీమీటర్ల ఎత్తు, 185 సెంటీమీటర్ల వెడల్పు. కాబట్టి రంగు దొరకలేదనే వాదన ఇక్కడ నిలవదు. 1821లో లండన్‌లోని రాయల్ అకాడమీ అనే కళా సంస్థ ప్రదర్శనలో కనబడాలంటే పెద్ద కాన్వాసు కావాలని ఆయన ఎంచుకున్నాడు, ఆ ఎంపికే పనిని గదిలోకి తెచ్చింది.

దీనివల్ల అర్థం ఎలా మారుతుందో చూడండి. ఏటి మధ్య నిలిచిన బండి ఖాళీగా ఉంది. ఎండుగడ్డి పనివాళ్లు కుడివైపు దూరపు పచ్చికలో ఉన్నారు. వాళ్లకు దక్కింది కొద్దిపాటి తెల్లరంగు చుక్కలు. నీటి మెరుపుకూ, చెట్ల ఆకుల తడికీ, ఒడ్డున నిలిచిన కుక్కకూ మాత్రం కుంచె ఎన్నోసార్లు తిరిగి వచ్చింది. ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు యజమాని కొడుకు, నగరంలో కూర్చుని, బాల్యపు ఊరిని ఇలా పేర్చాడు. ప్రదర్శన జరిగిన మరుసటి ఏడు, 1822లో, అదే ప్రాంతంలో వ్యవసాయ కూలీలు నూర్పిడి యంత్రాలను పగలగొట్టారు. అలాంటి అశాంతి ఛాయ ఈ చిత్రంలోని మధ్యాహ్నంలో లేదు. కాన్‌స్టబుల్‌కు కూలీల పట్ల జాలి లేదని దీన్ని బట్టి తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు. వాళ్లకూ చిత్రకారుడికీ మధ్య ఉన్న దూరం రంగు పూతలోనే కొలవడానికి అందుతుందని మాత్రం గట్టిగా చెబుతాను.

అభ్యాసం: గోడకు 130, 185 సెంటీమీటర్ల కొలతలో కాగితం అతికించి, 10 సెంటీమీటర్ల గళ్లు గీయండి. సుమారు 240 గళ్లు వస్తాయి. మంచి ముద్రణ ప్రతిని చూస్తూ ప్రతి గడిలో ఏ వస్తువు ఉందో, దానికి రంగు పలుచగా పడిందో దట్టంగా పడిందో రాయండి. పనివాళ్లున్న గళ్లను చివరికి వదిలేయకుండా, వాటితోనే మొదలుపెట్టండి.