ఆడగుర్రానికి చూలు నిలవకపోతే: గర్భాశయంలో బ్యాక్టీరియా, సమస్య - పరిష్కారం

దాటించిన గుర్రం మళ్లీ ఎదకు వస్తే చాలామంది వెంటనే యాంటీబయాటిక్ అందుకుంటారు. అది తొందరపాటు. ప్రతి దాటుకీ వీర్యంతో పాటు కొంత బ్యాక్టీరియా లోపలికి పోతుంది, గర్భాశయం కాస్త వాస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రం ఆ మురికినంతా ఒకటి రెండు రోజుల్లో బయటికి నెట్టేస్తుంది. నెట్టలేకపోతున్నదంటే ఎందుకో ముందు తేల్చాలి.

సమస్య: దాటించిన మర్నాడు స్కానింగ్‌లో నీరు

గర్భాశయంలో నల్లటి మడుగులా కనిపించే ఈ నీటి లోతు 2 సెంటీమీటర్లు దాటితే వదిలేయకూడదు. పలు ఈతలు ఈనిన గుర్రంలో గర్భాశయం కిందికి జారి ఉంటుంది, నీరు ఎదురెక్కి బయటికి రాలేదు. వయసు మీరాక తొలిసారి దాటించిన గుర్రంలోనైతే గర్భాశయ ముఖద్వారమే సరిగ్గా తెరుచుకోదు. అండం విడుదలైన ఆరో రోజుకి పిండం గర్భాశయంలోకి దిగుతుంది, ఆలోపే లోపలంతా శుభ్రపడాలి.

దాటించాక 4 గంటలు ఆగి కడగవచ్చు. అప్పటికే కావలసిన శుక్రకణాలు అండవాహికకు చేరి ఉంటాయి. గోరువెచ్చటి స్టెరైల్ సెలైన్ గానీ రింగర్స్ లాక్టేట్ గానీ లీటరు చొప్పున ఎక్కించి, కిందికి వదిలి, తేటగా వచ్చేదాకా మళ్లీ ఎక్కించాలి. మొదటి లీటరు మబ్బుగా, చీము పీలికలతో వస్తుంది. మూడో లీటరుకి సాధారణంగా తేటపడుతుంది. పోసినంతా తిరిగి వచ్చిందో లేదో కొలవండి. మిగిలిపోయిన నీరే మళ్లీ బ్యాక్టీరియాకు మేత. ఆపై డాక్టరు పర్యవేక్షణలో, గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 10 నుంచి 20 యూనిట్లు, 4-6 గంటలకోసారి. ముఖద్వారం బిగుసుకుని ఉంటే ముందు చేత్తో వెడల్పు చేయాలి, లేదంటే ఇంజెక్షన్ వృథా. గుర్రాన్ని కట్టేసి ఉంచకుండా నడిపించండి.

సమస్య: నీరు లేదు, అయినా చూలు లేదు

ఎద మొదట్లో తొడుగున్న స్వాబ్‌తో నమూనా తీయించాలి. తొడుగు లేకపోతే యోనిలోని బ్యాక్టీరియా అంటుకుని ల్యాబ్ తప్పుదారి పడుతుంది. బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్‌తో పాటు కణాల పరీక్ష కూడా అడగండి. ఎక్కువగా దొరికేవి స్ట్రెప్టోకాకస్ జూఎపిడెమికస్, ఇ.కోలై. ఇ.కోలై ఉన్నా చీముకణాలు అంతగా కనిపించకపోవచ్చు. సూడోమొనాస్, క్లెబ్సియెల్లా వస్తే మగగుర్రాన్నీ పరీక్షించాలి. పదే పదే యాంటీబయాటిక్ పోసిన గర్భాశయంలో ఫంగస్ చేరుతుంది.

సమస్య: మానం పెదవులు విడదీస్తే గాలి పీల్చిన చప్పుడు

లోపలి అడ్డుకట్ట పనిచేయడం లేదు, పేడ, గాలి నేరుగా లోపలికి పోతున్నాయి. మానం పైభాగాన్ని మూసే కాస్లిక్ కుట్లు వేయించాలి. ఈనడానికి రెండు మూడు వారాల ముందు వాటిని విప్పించడం మరిచిపోతే మానం చిరిగిపోతుంది.

సమస్య: నెలలు నిండకముందే పొదుగు చేయడం, మానం దగ్గర చీము

ఇది మాయకు పాకిన ఇన్ఫెక్షన్. ముఖద్వారం గుండా పైకెక్కుతుంది. ఒక్క రోజు ఆలస్యమైనా గుర్రం ఈసుకుపోవచ్చు, అంటే చూలు పడిపోవచ్చు. తోక ఎత్తి రోజూ చూడండి, తోక వెంట్రుకల్లో ఎండిన చారిక కూడా లెక్కే. పురీషనాళం గుండా స్కాన్ చేసినప్పుడు గర్భాశయం, మాయ కలిపిన మందం చూలు 271-300 రోజుల్లో 8 మిల్లీమీటర్లు, 301-330 రోజుల్లో 10 దాటితే అనుమానించాలి.

చికిత్స మూడు వైపుల నుంచి సాగాలి: ట్రైమెథోప్రిమ్-సల్ఫా లాంటి మాయలోకి చేరే యాంటీబయాటిక్, వాపు తగ్గించే ఫ్లూనిక్సిన్, చూలు నిలిపే ఆల్ట్రెనోజెస్ట్. ఆల్ట్రెనోజెస్ట్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. గర్భిణులు దాని జోలికే వెళ్లకూడదు.

సమస్య: ఈనిన 3 గంటలకీ మాయ పడలేదు

లాగకండి. చిన్న ముక్క లోపల తెగి మిగిలినా విషం ఒంటికెక్కి గిట్టలు దెబ్బతినవచ్చు. వేలాడే మాయను ముడివేసి కట్టి డాక్టర్ని పిలవండి. పడ్డాక నేలమీద పరిచి, గర్భాశయపు రెండు కొమ్ముల్లో (పాయల్లో) ఉండే మాయ చివరలు రెండూ ఉన్నాయో లేదో చూడండి. ముఖద్వారం దగ్గరి భాగం మందంగా, గోధుమరంగులో జిగటగా ఉంటే ఇన్ఫెక్షన్ కిందినుంచే వచ్చింది. ఆ ముక్కను కల్చర్‌కు పంపి, పిల్లకూ అదే రోజు రక్తపరీక్ష చేయించండి.